అల్జీరియా ప్లేటు

రాయగడ మెయిన్ బజారులో సత్తిబాబు హోల్‌సేల్ దుకాణం మీద ఒక గది ఉంది. కింద చింతపండు బుట్టలు, ఎండుమిర్చి బస్తాలు, సబ్బుల పెట్టెలు. పైన ఆయన కూతురు జయంతి, ఆమె కంప్యూటరు. మిర్చి ఘాటు పైదాకా వస్తుంది కాబట్టి ఆ గదిలో తుమ్మకుండా ఒక పేజీ పూర్తి చేయడం కష్టం.

జయంతి పాండిచ్చేరిలో ఫ్రెంచి చదువుకుంది. ఆ తరవాత చెన్నైలో ఒక కంపెనీలో చేరింది. ఫ్రెంచి మాట్లాడే దేశాల ఆస్పత్రుల్లో జరిగిన ఆపరేషన్ల రిపోర్టుల్ని ఇన్సూరెన్సు వాళ్ల కోసం ఇంగ్లీషులోకి మార్చడం అక్కడ పని. కొన్నాళ్లకి కంపెనీ ఆ పనిని యంత్రానికి అప్పజెప్పి, యంత్రం చేసిన తప్పులు దిద్దే పనిని జయంతికి అప్పజెప్పింది. తప్పులు దిద్దడానికి చెన్నైలో కూర్చోవలసిన అవసరం లేదని, కూర్చోనప్పుడు అంత జీతం కూడా అవసరం లేదని చెప్పి ఇంటికి పంపించింది.

ఈ ఉద్యోగం ఏమిటో రాయగడలో ఎవరికీ బోధపడలేదు. తల్లి కృష్ణవేణమ్మ మాత్రం "మా అమ్మి ఫ్రాన్సు ఆపరేషన్లు చూస్తాది" అని అందరికీ చెప్పేది. దాంతో వీధిలోవాళ్లు మోకాళ్ల నొప్పుల మందుచీటీలు పట్టుకొచ్చి చదివి పెట్టమనేవారు. జయంతి చదవలేకపోయేది. వాళ్లు కృష్ణవేణమ్మ వంక జాలిగా చూసి వెళ్లిపోయేవారు.

ఒకరోజు యంత్రం ఒక ముసలాయన రిపోర్టులో 'రోగి స్కాలర్‌షిప్పులు రెండూ వాచి ఎర్రబడి ఉన్నవి' అని రాసింది. ఫ్రెంచిలో 'బుర్స్' అంటే స్కాలర్‌షిప్పు. చిన్న సంచీ అని కూడా అర్థం ఉంది. సర్జన్ రాస్తే మాత్రం అది మగవాడి వృషణాల తిత్తి. జయంతి పగలబడి నవ్వింది. కింద గల్లాపెట్టె దగ్గర కూర్చున్న సత్తిబాబు మెట్ల దగ్గరికి వచ్చాడు.

"ఏటమ్మీ అంత నవ్వు?"

ఆ మాట తండ్రికి ఎలా చెప్తుంది? "ఏటీ లేదు నాన్నా, స్కాలర్‌షిప్పు," అంది.

సాయంత్రానికల్లా సత్తిబాబు కూతురికి ఫ్రాన్సు వాళ్లు స్కాలర్‌షిప్పు ఇచ్చారని బజారంతా తెలిసింది. ఆ వార్తని దిద్దే ఓపిక జయంతికి లేకపోయింది.

అయితే ఒకటి చెప్పాలి. తన పని మీద జయంతికి గర్వం కొంచెం ఎక్కువే. ఆపరేషన్ రిపోర్టులో ఒక్క మాట తప్పితే మనిషి ప్రాణం మీదికి వస్తుందని నమ్మేది. నిజానికి ఆమె దిద్దిన రిపోర్టుల్లో మనుషులు అప్పటికే బతికో చచ్చో నెలలు దాటిపోయేవి. ఆమె ఇంగ్లీషు చదివేది క్లెయిము ఎలా ఎగ్గొడదామా అని చూసే గుమాస్తాలు. అయినా కామా దగ్గర ఆగి ఆలోచించేది.

అలాంటి మనిషి ఇంటికి ఒక ఫ్రెంచి రిపోర్టు కాళ్లతో నడిచొచ్చింది.

గుణుపురం పక్క పల్లెలో వ్యవసాయం చేసే అసిరయ్య ఏటా కందులు తెచ్చి సత్తిబాబు దుకాణానికే వేస్తాడు. ఆయన కొడుకు చిన్నబాబు వెల్డరు. అల్జీరియాలో ఒక రిఫైనరీ పనికి వెళ్లాడు. అక్కడ అపెండిక్సు పగిలితే పొట్ట నిలువునా కోసి, లోపలంతా కడిగి బతికించారు. ఏడాది తిరిగేసరికి ఆ కుట్టు దగ్గర కండ పలచబడి పేగు బయటికి ఉబకసాగింది. రెండోసారి ఆపరేషన్ చేసి, రెండు పేజీల ఫ్రెంచి కాగితం చేతిలో పెట్టి ఇంటికి పంపారు. వచ్చాక బాగానే ఉన్నాడు. కందుల బస్తా ఎత్తిననాడు పొట్టలో ఏదో పట్టి లాగినట్టయింది. అసిరయ్య కొడుకుని వెంటబెట్టుకుని సత్తిబాబు దగ్గరికి వచ్చాడు. సత్తిబాబు ఇద్దరినీ జేకేపూర్ రోడ్డులోని దేవిశ్రీ సర్జికల్ సెంటరుకి తీసుకెళ్లాడు. ఆ సెంటరు యజమాని డాక్టర్ సింహాచలం, సత్తిబాబు ఆదివారాలు ఒకే బల్ల దగ్గర పేకాడతారు. అంతకంటే పెద్ద సిఫార్సు రాయగడలో లేదు.

దేవిశ్రీ అనేది సింహాచలం కూతురి పేరు. సర్జికల్ అనేది బోర్డుకి మాత్రమే సంబంధించిన మాట. సింహాచలం డాక్టరే గాని సర్జన్ కాదు. కోసే ఆయన ప్రతి గురువారం విశాఖపట్నం నించి రైల్లో వస్తాడు. ఆయన వచ్చేసరికి రోగులకి మత్తిచ్చి వరసగా పడుకోబెట్టి ఉంచుతారు. సింహాచలం చూపించిన చోట కోసి, కుట్టి, సాయంత్రం రైలుకి వెళ్లిపోతాడు. ఇద్దరికీ ఆ ఏర్పాటు సుఖంగా ఉంది.

జయంతికి ఈ సంగతులేవీ అప్పుడు తెలియవు. టీ కోసం కిందికి దిగితే అసిరయ్య బస్తా మీద కూర్చుని కనిపించాడు. పక్కన చిన్నబాబు ముఖం పీక్కుపోయి, పొట్ట పట్టుకుని ఉన్నాడు.

"ప్లేటు ఒగ్గీసారమ్మి," అన్నాడు అసిరయ్య.

"ఏ ప్లేటు బాబాయ్?"

"ఇస్టీలు ప్లేటు. మావోడి కడుపులో. ఆ దేశపోళ్లు ఆపరేసన్ సేసి, ప్లేటు లోపలొగ్గీసి కుట్టీసారు. మన డాట్రుబాబు కాయితాన్ని ఫోన్లో పెట్టి సూసి సెప్పేడు. వచ్చే గురువారం తీసెత్తారు."

ఆ మాట అనడంలో బాధతో పాటు కొంచెం ఠీవి కూడా ఉంది. అప్పటికే ఊళ్లో అందరికీ తెలిసిపోయింది. బంధువులు పళ్లు పట్టుకుని వచ్చి చూసి వెళ్లారు. అది టిఫిను ప్లేటా, భోజనం ప్లేటా అని ఊళ్లో రెండు పక్షాలు ఏర్పడ్డాయి. తిన్నదంతా ఆ ప్లేటులోనే ఉండిపోతోంది కాబట్టే కుర్రాడు చిక్కిపోయాడని అసిరయ్య భార్య వరహాలమ్మ తేల్చేసింది.

"ఎక్స్‌రే తీసేరా?" అని అడిగింది జయంతి.

"తీసేరు. అందల ఏటీ కనపడనేదు. ఫారిన్ ప్లేటు గదా, మన ఎక్సురేకి అందదని డాట్రుబాబు సెప్పేడు."

జయంతి కాగితం అడిగి తీసుకుంది. నిలబడే చదివింది. ఆమె ముఖంలో వెలుగు చూసి అసిరయ్య అదేదో శుభవార్త అనుకున్నాడు. ఆమెకి మాత్రం అన్నేళ్ల చదువుకీ ఆ దుకాణంలో, ఆ మిర్చి బస్తాల మధ్య, మొదటిసారి పని దొరికింది.

"ఇది ప్లేటు కాదు బాబాయ్. ఫ్రెంచిలో 'ప్లాక్' అని రాసేరు. మామూలుగా దానికి ప్లేటనే అర్థం. ఆపరేషన్లో మాత్రం అది మెష్. జాలీ. సన్నటి వల. కండ పలచబడిన చోట లోపల పరిచి పెడతారు. దాన్ని అట్టుకుని కండ మళ్లీ గట్టిపడతాది. అది ఉండాలి, తియ్యకూడదు."

"వలంటే?"

"దోమతెర గుడ్డ ఉంటాది కదా. అలాగుంటాది."

కొడుకు కడుపులో స్టీలు ప్లేటు ఉందంటే అసిరయ్యకి భయం వేసింది గాని పరువు పోలేదు. దోమతెర అనేసరికి ఆయన మెడ వంగింది.

"అంత దేశం ఎల్తే ఆళ్లు దోమతెర గుడ్డ ఎట్టేరా?" అన్నాడు.

అప్పటిదాకా ఊరుకున్న చిన్నబాబు నోరు విప్పాడు. "కాదక్కా. నాను అక్కడ అన్నాళ్లూ ప్లాకులే గదా వెల్డింగ్ సేసినాను. ఫోర్మేను 'ప్లాక్' అని కేకేత్తే ఇనప రేకు అట్టుకెళ్లీవోణ్ణి. దోమతెర అట్టుకెళ్తే ఆ రోజే ఫ్లైటెక్కించీసేవోడు."

దుకాణంలో ఉన్న గుమాస్తాలు, బేరానికొచ్చిన వాళ్లు అందరూ తల ఊపారు. పాండిచ్చేరిలో బల్ల ముందు కూర్చుని నేర్చుకున్న ఫ్రెంచి ఎక్కడ, ఎండలో నిప్పురవ్వల మధ్య నేర్చుకున్న ఫ్రెంచి ఎక్కడ. పైగా ఈ అమ్మాయి పైన ఒంటరిగా కూర్చుని నవ్వుకుంటుందని వాళ్లందరికీ తెలుసు.

నోటిమాట పనికిరాదని జయంతికి అర్థమైంది. కాగితం మీద పెట్టి, సింహాచలానికే చూపిస్తే సరిపోతుందనుకుంది. పైకి వెళ్లి అనువాదం మొదలుపెట్టింది. ఇక్కడ ఆమె గురించి నిజం చెప్పుకోవాలి. మనిషిని బల్లెక్కించే రోజు దగ్గరికి వస్తుంటే, ఆమె ఒక పూటంతా 'క్యూర్' అనే మాట దగ్గర కూర్చుంది. ఫ్రెంచి సర్జన్ హెర్నియాకి 'క్యూర్' అంటే రోగం నయమైందని కాదు, బాగుచేశామని. రిపేరు. ఆ సంగతి ఆమెకి బాగా తెలుసు. తెలిసినా ఆ మాట ఎంత అందంగా మోసం చేస్తుందో చూసుకుని మురిసిపోయింది. వల కండకి వెనక పెట్టారా, ముందు పెట్టారా అనే చోట ఇంకో పూట పోయింది. అచ్చు తీసిన కాగితం చూస్తే మాత్రం ముచ్చటేసింది. పారిస్ సర్జన్ లండన్ సర్జన్‌తో కాఫీ తాగుతూ మాట్లాడుతున్నట్టుంది. చదవవలసింది జేకేపూర్ రోడ్డు సింహాచలం అన్న సంగతి ఆమెకి అప్పటికి గుర్తులేదు.

బుధవారం పొద్దున్నే కాగితం పట్టుకుని సెంటరుకి వెళ్లింది. అసిరయ్య, చిన్నబాబు అక్కడే ఉన్నారు. చిన్నబాబుని డాక్టరు గదికి ఎదురుగా మంచం మీద పడుకోబెట్టారు. సింహాచలం ఏసీ గదిలో కూర్చుని ఆమెని ఆప్యాయంగా పలకరించాడు, కాఫీ తెప్పించాడు. కాగితం చదివి, తల ఊపి, మడిచి బల్ల మీద పెట్టాడు.

"ఇంగ్లీషు చాలా బాగుందమ్మా. మా దేవిశ్రీకి కూడా ఇలాంటి ఇంగ్లీషు రావాలని నా కోరిక."

"అది మెష్ అంకుల్. తీస్తే హెర్నియా మళ్లీ వచ్చేస్తాది."

"చూడమ్మా, భాష వేరు, వైద్యం వేరు. నా ఫోను ప్లేటు అంది. పేషెంటు ప్లేటు అన్నాడు, అతను ఆ దేశంలో పనిచేసొచ్చిన వాడు. నువ్వొక్కదానివే మెష్ అంటున్నావు. నేను ఎవరి మాట వినాలి?"

"ఓట్లు వేసి తేల్చేది కాదు కదా అంకుల్."

సింహాచలం నవ్వాడు. చిన్నపిల్లల మాటలకి నవ్వే నవ్వు. జయంతి కాఫీ పక్కన పెట్టి, మందుల చీటీ చూపించమంది. అందులో విరేచనాల మాత్రలున్నాయి, పూటకి రెండు చొప్పున.

"ఇవి ఎందుకు?"

"రిపోర్టులోనే ఉంది కదా. టాయిలెట్ గురించి రాశారు. పెరిటోనియల్ టాయిలెట్. అంటే అతనికి మోషను సమస్య ఉంది. ఆ సంగతి పేషెంటు సిగ్గుపడి చెప్పలేదు, నేను రిపోర్టు చూసి పట్టుకున్నాను."

ఆపరేషన్లో 'త్వాలెత్' అంటే కడుపు లోపల చీము కడిగి శుభ్రం చేయడమనీ, అది మొదటి ఆపరేషన్ నాటి సంగతనీ, ఇంగ్లీషు సర్జన్లు కూడా ఆ టాయిలెట్ అనే మాటే వాడతారనీ జయంతి చెప్పింది. సింహాచలం విన్నాడు. విని, "శుభ్రం చేయడానికే కదా నేనూ ఇచ్చింది," అన్నాడు. మంచం మీంచి చిన్నబాబు లేచి, గోడ పట్టుకుని వెనక పక్కకి వెళ్లాడు. ఆ పూటకి అది ఎన్నోసారో అతనికే తెలియదు.

జయంతి పొద్దున్న సెంటరుకి వస్తూ ఎదురు వీధి ఇనప సామాన్ల కొట్లో ఒక పెద్ద అయస్కాంతం కొని తెచ్చింది. చిన్నబాబు తిరిగొచ్చాక అందరి ముందూ దాన్ని అతని పొట్ట మీద పెట్టి వదిలేసింది. అది జారి మంచం ఇనప కడ్డీకి టక్కున అతుక్కుంది.

"చూసేరా? స్టీలుంటే పొట్టకి అంటుకోదూ?"

"స్టెయిన్‌లెస్సుకి అయస్కాంతం అంటుకోదక్కా," అన్నాడు చిన్నబాబు నీరసంగా. "వెల్డర్ని, నాకు తెల్దేటి?"

సింహాచలం అతని వైపు మెచ్చుకోలుగా చూశాడు. తెలివైన పేషెంటు దొరకడం అదృష్టం.

జయంతి ఆఖరి ప్రయత్నంగా విశాఖపట్నం సర్జన్ ఫోను నెంబరు అడిగింది. ఆయన నిజమైన సర్జనే కాబట్టి ఒక్క ముక్క చదివితే గ్రహిస్తాడు.

"ఆయన చాలా బిజీ అమ్మా. అయినా ఇంత ఆందోళన దేనికి? రేపు కోసి చూస్తే ప్లేటో, మెష్షో తెలిసిపోతుంది. మెష్ అయితే మళ్లీ అక్కడే పెట్టేస్తాం."

ఆమె లేచి వచ్చేసింది. ఆటోలో కూర్చున్నంతసేపూ చేతిలోని అనువాదాన్ని చూసుకుంది. అందులో ఒక్క తప్పు లేదు. ఎంత వెతికినా లేదు. అయినా ఆ కాగితం వల్ల రేపు ఒక కుర్రాడి పొట్ట కోయడం ఆగదు. చెన్నైలో ఆమెకి ఎవరూ ఈ సంగతి చెప్పలేదు, సరైన మాటని ఎవరూ నమ్మకపోతే ఏం చెయ్యాలో పాండిచ్చేరిలో పాఠం లేదు.

దుకాణానికి వచ్చేసరికి గల్లా ముందు గొడవగా ఉంది. కకిరిగుమ్మ నించి వచ్చిన ఒక చిల్లర వర్తకుడు ఆ దుకాణంలోనే కొన్న ఎలక్ట్రానిక్ కాటా పాడైపోయిందని, కొత్తది ఇమ్మని అరుస్తున్నాడు. తెలుగులో అరిచి, ఒడియాలో అరిచి, చివరికి కన్జ్యూమర్ కోర్టు పేరెత్తాడు. సత్తిబాబు కాటాని తిరగేసి చూసి, నెమ్మదిగా అన్నాడు.

"సీలు విప్పీసేరు. బయటోళ్లు విప్పితే గ్యారంటీ పోతాది. కంపెనీ రూలు."

వర్తకుడు నోరు మూశాడు. బతిమాలలేదు, వాదించలేదు. కాటా చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు.

జయంతి అతను వీధి మలుపు తిరిగేదాకా చూసింది. తరవాత మెట్లెక్కి పైకి వెళ్లి కంప్యూటరు తెరిచింది.

జీవితంలో మొదటిసారి, ఫ్రెంచిలో లేని మాటని ఇంగ్లీషులో రాసింది. రెండో పేజీ చివర ఒక పేరా. 'ఈ అమరికకు అయిదు సంవత్సరముల గ్యారంటీ కలదు. ఈ గడువులో ఇతరులెవరైనను విప్పినచో గ్యారంటీ రద్దగును. రోగికిని, అతని యాజమాన్యమునకును, ఇన్సూరెన్సు వారికిని కలుగు సకల నష్టములకు విప్పినవారే బాధ్యులు. ఒక పర్యాయము అర్హత గల సర్జన్ చేత, విప్పకుండ, పరీక్ష చేయించవలెను.' ఇంగ్లీషులో కూడా అది సరిగ్గా ఇంత బిగువుగానే వచ్చింది. రద్దుకి ఏ మాట వాడాలన్న దగ్గర చాలాసేపు ఆగింది. అబద్ధమైనంత మాత్రాన పేలవంగా రాయడానికి ఆమెకి మనసొప్పలేదు. అచ్చు తీశాక తాగినవాళ్లకి ఎలా ఉంటుందో అలా ఉంది అనుకుంది, తాగి ఎరగదు గనక అది కూడా ఊహే.

సాయంత్రం మళ్లీ సెంటరుకి వెళ్లింది. ఈసారి ఆఖరి పేరా ముందుగా అసిరయ్యకి తెలుగులో చదివి వినిపించింది.

అసిరయ్య కళ్లు పెద్దవయ్యాయి. "గ్యారంటీ ఉన్నాదని ముందే సెప్పొచ్చు గదమ్మి. అయిదేళ్లు?"

"అయిదేళ్లు."

"మరి ఇప్పితే?"

"పోతాది బాబాయ్."

అసిరయ్య కొడుకు వైపు తిరిగాడు. "లెగరా. చొక్కా ఏసుకో."

సింహాచలం కాగితం తీసుకున్నాడు. పొద్దున్న మొత్తం పేజీని ఒక్క చూపులో చదివినవాడు ఈ పేరాని పెదవులు కదుపుతూ రెండుసార్లు చదివాడు. 'విప్పినవారే బాధ్యులు' దగ్గర వేలు ఆగిపోయింది.

"ఇది పొద్దున్న లేదే?"

"రెండో పేజీ అడుగున చాలా చిన్న అక్షరాలున్నాయంకుల్. మీ ఫోన్ కెమెరాకి అందలేదు. నాకూ ముందు కనపడలేదు."

ఎక్స్‌రేకి ప్లేటు అందలేదని చెప్పినవాడు ఫోనుకి అక్షరాలు అందలేదంటే కాదనలేకపోయాడు. కాగితం మడిచి ఆమెకే తిరిగి ఇచ్చేశాడు, దగ్గర ఉంచుకుంటే ప్రమాదం అన్నట్టు.

"నిజానికి నేను మొదట్నించీ ఆపరేషన్ లేకుండానే చూద్దామనుకుంటున్నాను," అన్నాడు అసిరయ్యతో. "మీరే తొందరపడ్డారు."

అసిరయ్య చేతులు జోడించి క్షమించమన్నాడు.

పరీక్ష చేయించాలన్న వాక్యాన్ని జయంతి ఊరికే రాయలేదు. చిన్నబాబుకి నొప్పి ఉన్న మాట నిజం. అసలు సర్జన్ ఒకరు చూడాలి. ఊరికే వెళ్దాం రమ్మంటే అసిరయ్య కదలడు. గ్యారంటీ నిలబడాలంటే చూపించాలి అనేసరికి, కొత్త బండికి మొదటి సర్వీసింగు చేయించినంత శ్రద్ధగా బయల్దేరాడు. మరుసటి రోజు పొద్దున్న రైల్లో ముగ్గురూ కొరాపుట్ వెళ్లారు. విరేచనాల మాత్రలు ఆపేసిన చిన్నబాబు దారిలో కకిరిగుమ్మ స్టేషన్లో నాలుగు వడలు తిన్నాడు. అవి కడుపులో నిలబడ్డాయి.

కొరాపుట్‌లో డాక్టర్ సుభశ్రీ పేరున్న సర్జన్. నడివయసు మనిషి, తక్కువ మాట్లాడుతుంది. చిన్నబాబు పొట్ట నొక్కి చూసింది, దగ్గమంది, స్కాను తీయించింది. ఆ తరవాత జయంతి అనువాదం చదవడం మొదలుపెట్టింది. చదువుతూ ఉంటే ఆమె కనుబొమలు పైకి లేవడం జయంతి చూసింది. ఇన్నేళ్లలో తన మాటల్ని అర్థమయ్యే మనిషి చదువుతుండగా ఎదురుగా కూర్చోవడం ఇదే మొదలు.

"మెష్ చక్కగా ఉంది," అంది సుభశ్రీ ఒడియాలో, అసిరయ్యకి అర్థమయ్యేలా. "పెట్టినవాళ్లు బాగా పెట్టారు. బరువెత్తడం వల్ల కుట్టు దగ్గర లాగింది. కొన్నాళ్లు బస్తాలు మొయ్యకపోతే అదే తగ్గుతుంది. ఎవరూ కొయ్యనక్కర్లేదు."

"అయిదేళ్ల తరవాత మార్సాలేటి?" అని అసిరయ్య వచ్చిన ఒడియాలో అడిగాడు.

సుభశ్రీకి ప్రశ్న అర్థం కాలేదు. "సారా జీబన రహిబ," అంది. జీవితాంతం ఉంటుందని. అసిరయ్య ముఖం వెలిగిపోయింది. అయిదేళ్లనుకున్నది జీవితాంతం అయింది. కొరాపుట్ రావడం మంచిదైంది.

సుభశ్రీ కాగితం చివరికి వచ్చింది. ఆఖరి పేరా దగ్గర ఆగింది. మళ్లీ మొదటి పేజీ చూసింది, మళ్లీ చివర చూసింది. ఇంగ్లీషులోకి మారి జయంతిని అడిగింది.

"ఈ అనువాదం ఎవరు చేశారు?"

జయంతి నోరు తెరిచింది. పక్కనే అసిరయ్య చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయనకి ఇంగ్లీషు రాదు గాని, ఇద్దరు చదువుకున్నవాళ్లు గ్యారంటీ పేరా మీద వేలు పెట్టి మాట్లాడుకుంటున్నారని తెలుస్తూనే ఉంది. అది అబద్ధమని తేలితే ఏమవుతుంది? మిగతాది కూడా అబద్ధమే అవుతుంది. మెష్ మళ్లీ ప్లేటైపోతుంది. వచ్చేది ఇంకో గురువారం.

"ఆన్‌లైన్లో చేయించారు, డాక్టర్," అంది.

"అనుకున్నాను. యంత్రమే చేసింది." సుభశ్రీ కాగితం మీద వేలితో తట్టింది. "ఈ యంత్రాలు ఇంతే. రెండు పేజీలు అద్భుతంగా చేస్తాయి. ఇంత బాగా చేసిన మనిషిని నేను చూడలేదు. ఉన్నట్టుండి చివర్లో ఎక్కడిదో ఫ్రిజ్ గ్యారంటీ తెచ్చి అతికిస్తాయి. రోగి ప్రాణాలతో ఆటలు. ఇంకోసారి ఇలాంటి పనికి మనిషిని పెట్టుకోమని వాళ్లకి చెప్పండి."

"చెప్తాను," అంది జయంతి.

తిరుగు రైల్లో పక్క సీటు వాళ్లకి అసిరయ్య జీవితాంతం గ్యారంటీ గురించి చెప్పుకుపోతూనే ఉన్నాడు. లోపల ఉన్నది ప్లేటు అనే చెప్పాడు. దోమతెరకి అంత గ్యారంటీ ఎవడిస్తాడు?

చిన్నబాబు నెల తిరిగేసరికి తేరుకున్నాడు. నొప్పి పోయింది. బస్తాలు మొయ్యనంటే ఇంట్లో ఎవరూ బలవంతం చెయ్యలేదు, గ్యారంటీ ఉన్న వస్తువుని ఎవరూ మొరటుగా వాడరు.

ఒక ఆదివారం పేకాట నించి వస్తూ సత్తిబాబు కూతుర్ని పిలిచాడు.

"సింహాచలం అడుగుతున్నాడమ్మీ. ఆ ఫ్రాన్సోళ్లు రాసిన గ్యారంటీ పేరా చాలా బాగుందట. ఆడి ఆస్పత్రి డిశ్చార్జి కాయితం కింద అది అచ్చేసుకోవచ్చా అని."

జయంతి కంప్యూటరు మీంచి తల ఎత్తింది. "అయిదేళ్ల గ్యారంటీ ఇస్తాడా నాన్నా ఆయన? కుట్టు విడిపోతే ఊరికే మళ్లీ కుట్టాల."

సత్తిబాబు ఆ మాటతో పాటు అసిరయ్య దగ్గరున్న కాగితం నకలు కూడా మోసుకెళ్లాడు. సింహాచలం వారం రోజులు ఆలోచించాడు. ఆ తరవాత దేవిశ్రీ సర్జికల్ సెంటరు డిశ్చార్జి కాగితాలు కొత్తగా అచ్చయి వచ్చాయి. అందులో గ్యారంటీ సంగతి లేదు, సర్జన్ చేత పరీక్ష సంగతీ లేదు. 'ఇతరులెవరైనను విప్పినచో రోగికిని, అతని యాజమాన్యమునకును, ఇన్సూరెన్సు వారికిని కలుగు సకల నష్టములకు విప్పినవారే బాధ్యులు' అన్న ఒక్క వాక్యం మాత్రం లావుపాటి అక్షరాల్లో ఉంది. కృష్ణవేణమ్మ మోకాలి కట్టు విప్పించుకుని వస్తూ ఒకటి పట్టుకొచ్చింది. జయంతి దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చదివింది. కామాలు కూడా తను పెట్టిన చోటే ఉన్నాయి.